ఊపిరి సున్నా

నేను ఒక సూదిని. ఇప్పుడు చూసినవాళ్లెవరూ ఆ మాట నమ్మరు. వెదురు పిడికి బిగించిన అంగుళం ఉక్కు గొట్టాన్ని, అంతే. మొన ఎప్పుడో అరగదీసేశారు. నా కొసకు సిరా అంటించి కాగితం మీద ఒత్తితే ఆవగింజలో సగం ఉండే సున్నా పడుతుంది. ఒక విశ్వవిద్యాలయంలో, భాషల శాఖవాళ్ల గాజు అల్మారాలో, ఒక పాత పుస్తకం పక్కన నన్ను పడుకోబెట్టారు. ముందున్న చీటీ మీద "ముద్రణ పరికరం" అని రాశారు. రాసినాయన నేనేమిటో ఎవరినీ అడగలేదు. మనుషులకు చీటీ అతికించాక ఇంక అడగాల్సింది ఏమీ ఉండదు.

ఎక్కడ పుట్టానో నాకు తెలీదు. నాకు తెలిసిన మొదటి ఇల్లు పార్వతీపురంలో కంపౌండరు తవిటినాయుడు గారి రేకు డబ్బా. అప్పటికింకా ఒకసారి వాడి పారేసే సూదులు రాలేదు. ఒకరిని పొడవడం, నీళ్లలో మరగడం, ఇంకొకరిని పొడవడం, ఇదే నా బతుకు. పులిని చూశానని ఊరంతా చెప్పుకునే వేటగాడు కూడా నన్ను చూడగానే మొహం గోడవైపు తిప్పేసుకునేవాడు. లోలోపల నవ్వుకునేదాన్ని.

తవిటినాయుడు వారానికి రెండుసార్లు కొండెక్కేవాడు. పైన మూడు ఊళ్లున్నాయి. ఒకప్పుడు ఆ మూడూ ఒక్క భాషే మాట్లాడేవట. దానికి పేరు లేదు. వాళ్లు దాన్ని "మా నోరు" అనేవాళ్లు. నేను వెళ్లేనాటికి ఆ నోటితో మాట్లాడేవాళ్లు ఇద్దరే మిగిలారు, సుకిరి అనే ముసలమ్మ, ఆమె కూతురు జమ్మి. మిగతావాళ్లంతా సంతలో చెల్లే భాషల్లోకి మారిపోయారు. సుకిరికి ఎనభై దాటాయి. నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని కాల్చే అడ్డచుట్ట ఆమె పెదవుల మధ్య ఎప్పుడూ ఉండేది. దానితోపాటు ఆయాసమూ ఉండేది. ఆమె ఛాతీలోంచి వచ్చే పిల్లికూతలు వాకిట్లోకి వినిపించేవి.

జమ్మికి యాభై ఏళ్లుంటాయి. పెళ్లి చేసుకోలేదు. తల్లిని కనిపెట్టుకుని ఉండేది. వాళ్లిద్దరూ మాట్లాడుకుంటుంటే ఊళ్లో వాళ్లు వినీ విననట్టు పోయేవాళ్లు. ప్రపంచం మొత్తం మీద జమ్మి మాట సుకిరికి, సుకిరి మాట జమ్మికి తప్ప ఇంకెవరికీ అర్థమయ్యేది కాదు. ఆ సంగతి వాళ్లకీ తెలుసు.

ఆ మాటల కోసమే పరాంకుశం మాస్టారు వచ్చారు. ఆయన భాషల మీద పరిశోధన చేసే మనిషి. కాలికి బలపం కట్టుకుని తిరుగుతారు. మూడేళ్లపాటు వచ్చారు. ఒక సూది వేస్తే సుకిరికి రెండు గంటలు ఊపిరాడేది, ఆ రెండు గంటలూ ఆయన అడుగుతూ రాసుకునేవారు. అంటే ఆ పుస్తకంలో సగం నా చలవే. ఆ మాట పుస్తకం ముందుమాటలో లేదనుకోండి.

ఆయన ఇంగ్లీషు అక్షరాలతో రాసేవారు. కొన్ని అక్షరాల కింద మాత్రం ఒక చిన్న సున్నా చుట్టేవారు. సుకిరి ఒకరోజు వంగి చూసింది.

"ఇదేటి బాబూ, కింద గింజలు సల్లతన్నావు?"

"గొంతు పెట్టొద్దని గుర్తమ్మా," అన్నారు మాస్టారు. ఆమె వేలు తీసుకుని తన గొంతు మీద ఆనించుకుని "మ్మ్" అన్నారు. "అదురుతోంది కదా? ఇప్పుడు చూడు." పెదవులు అలాగే మూసి ముక్కులోంచి ఉత్త గాలి వదిలారు. "అదరలేదు. అదే అక్షరం, కానీ గొంతు లేదు, ఊపిరే ఉంది. అలా పలకాల్సిన అక్షరం కింద ఈ సున్నా పెడతాం. ఇదే సున్నాని ఎక్కడో చలిదేశాల వాళ్లు అక్షరం నెత్తిన పెట్టుకుంటారు, అక్కడ దాని పని వేరు. కింద పెడితే మాత్రం ఏ భాష రాసినా ఇదే అర్థం."

సుకిరి ఆ కాగితం మీద వేలు పెట్టుకుంటూ పోయింది. అది ఆమె ఇంటి పూర్వీకుల జాబితా. నలభై ఒక్క పేర్లు. అన్నిటి కిందా సున్నాలున్నాయి.

"అయితే గింజలున్నోలందరూ పోయినోలే," అంది.

జమ్మి వివరంగా చెప్పింది. వాళ్ల నోట్లో బతికున్నవాళ్ల పేరు గొంతుతో పిలుస్తారు. పోయినవాళ్ల పేరు ఉత్త ఊపిరితో అంటారు. మనిషి పోగానే పెద్ద కూతురు ఆ చెవిలో మొదటిసారి పేరును ఊపిరితో అనాలి. దాన్ని పేరు దింపడం అంటారు. పేరు దింపితేగానీ పోయినవాళ్లు ఇల్లు వదలరు.

"తరవాతెవులైనా గొంతు పెట్టి పిలిచారనుకో, ఎక్కడున్నా వొచ్చెస్తారు బాబూ," అంది జమ్మి.

"వొస్తే ఏటవుతాది?" అన్నాడు తవిటినాయుడు నన్ను తుడుస్తూ, వేళాకోళంగా.

"ఏటవదు. ఏ పని సెప్తే ఆ పని సేస్తారు. సేసి సేసి అలిసిపోతారు."

మాస్టారు దాన్నీ రాసుకున్నారు. ఆయన రాసుకోనిది లేదు. వ్యాకరణానికి వాక్యాలు కావాలి గనుక ఎదురుగా ఉన్న పేర్లతోనే అడిగేవారు. సుకిరి నీళ్లు తెచ్చింది. సుకిరి కట్టెలు విరిచింది. సుకిరి చుట్ట కాల్చింది. జమ్మి తలుపు తీసింది. సుకిరి ఇంటికి వెళ్లింది. సుకిరి పేరుతో ముప్ఫై ఎనిమిది, జమ్మి పేరుతో ఆరు. "నానింత పని ఎప్పుడు సేసినాను?" అని ముసలమ్మ దగ్గొచ్చేదాకా నవ్వింది. ఇద్దరూ బతికున్నవాళ్లే గనుక ఆ వాక్యాల్లో వాళ్ల పేర్ల కింద సున్నాలు లేవు.

మూడో ఏడు వానల్లో ఆమె పోయింది. పొద్దున్నే, ఎండ కాస్త పొడిచిన పూట. మాస్టారు అప్పటికే రాతప్రతి తీసుకుని బొబ్బిలి వెళ్లారు. తవిటినాయుడు నన్ను ఆమె జబ్బలో గుచ్చి మందు తోస్తున్నాడు. మందు కదలలేదు. నేను లోపల ఉండగానే పిల్లికూతలు ఆగిపోయాయి. నా బతుకంతా నా పని లోపలికి పంపడమే. ఆ రోజు అటువైపు నుంచి నాలోకి ఏదో వచ్చింది. చల్లగా ఉంది. వచ్చి ఆగింది.

తవిటినాయుడు నన్ను బయటికి లాగాడు. "జమ్మీ, సెవిలో పేరనాల గదా," అన్నాడు.

జమ్మి తల్లి చెయ్యి పట్టుకుని ఉంది. "అనను," అంది.

"అదేటి?"

"దింపీసినానంటే ఎలిపోద్ది. మరి నాను ఎవులితో మాటాడను?"

అతను నన్ను డబ్బాలో పెట్టి లేచాడు. ఆ ఊళ్లో ఆ ఆచారం తెలిసినవాళ్లు ఇంకెవరూ లేరు గనుక అడిగేవాళ్లూ లేకపోయారు. శవాన్ని తీసుకెళ్లారు. సుకిరి మాత్రం ఎక్కడికీ వెళ్లలేదు.

తరువాత నేను ఎందుకూ పనికిరాలేదు. మరగబెడితే నీళ్లలో బుడగలు రావాల్సిన చోట నాలోంచి ఊపిరి తీసిన చప్పుడు వచ్చేది. తవిటినాయుడు రెండుసార్లు విని నన్ను విడిగా కాగితంలో చుట్టి పెట్టాడు. సుకిరి కబురు మాస్టారికి చెప్పాలని బొబ్బిలి బయల్దేరినప్పుడు ఆ పొట్లం అతని జేబులోనే ఉండిపోయింది.

బొబ్బిలిలో అదొక చిన్న అచ్చాఫీసు. కంపోజిటరు సన్యాసయ్య ఒక్కడే అన్నీ. మేం వెళ్లేసరికి అతను తల పట్టుకుని కూర్చున్నాడు. "ఏటి సెయ్యమంటారు మాస్టారూ, మన అక్షరాల్లో ఈ కింది సున్నా నేదండి. మద్రాసులోనూ దొరకదంట," అంటున్నాడు. తవిటినాయుడు కబురు చెప్పాడు. మాస్టారు కళ్లజోడు తీసి బల్లమీద పెట్టి, చిన్నపిల్లాడిలా ఏడ్చారు. ఆయన నిజంగానే ఏడ్చారు, అందులో సందేహం లేదు. ఏడ్చి, మొహం కడుక్కుని, మళ్లీ సున్నా సంగతికొచ్చారు. అదీ నిజమే.

తవిటినాయుడికి నేను గుర్తొచ్చాను. సన్యాసయ్య నన్ను ఆకురాయి మీద పెట్టి మొన అరగదీసి, వెదురు పిడి బిగించి, సిరా అద్ది కాగితం మీద ఒత్తాడు. చక్కటి సున్నా పడింది. సున్నా పెట్టాల్సిన అక్షరాల కింద ఖాళీ వదిలి అచ్చు వేయడం, తరువాత ఒక్కో కాపీలో ఒక్కో చోట నన్ను చేత్తో ఒత్తడం అని తీర్మానించుకున్నారు. వేసేది వంద కాపీలు.

"మాస్టారూ, మరి సుకిరమ్మ పేరుకి?" అన్నాడు తవిటినాయుడు వెళ్లబోతూ. "పోయింది గదా. సున్నాలెట్టాల గదా."

మాస్టారు ఆలోచించారు. "నాకు ఆ వాక్యాలు చెప్పేటప్పుడు ఆవిడ బతికే ఉంది. గొంతుతోనే పలికింది. పలికింది పలికినట్టు వెయ్యడం నా ధర్మం నాయుడూ. అవి ఉత్త ఉదాహరణలు."

చదువుకున్నవాళ్లు మాత్రమే చెయ్యగల పొరపాటు అది. నిజాయితీ ఎక్కువై చేసింది.

ప్రూఫులు దిద్దే పద్ధతి మీలో కొందరికి తెలిసే ఉంటుంది. ఒకరు రాతప్రతిని పైకి చదువుతారు, ఇంకొకరు అచ్చు కాగితం మీద వేలు పెట్టి సరిచూస్తారు. మర్నాడు పొద్దున పదింటికి మాస్టారు చదవడం, సన్యాసయ్య చూడడం మొదలైంది. మాస్టారి ఉచ్చారణ గొప్పది. సుకిరి ఎలా పలికిందో అచ్చం అలాగే, గొంతు నిండుగా పలికారు. సుకిరి నీళ్లు తెచ్చింది.

నేను బల్లమీద సిరా బిళ్ల పక్కన ఉన్నాను. పిల్లికూతలు ముందు నాకే వినిపించాయి. నాలోపలిది కదిలింది.

మధ్యాహ్నం సన్యాసయ్య దాహానికి లేచి చూస్తే, పొద్దున సగానికి దిగిపోయిన కుండ అంచుదాకా నిండి ఉంది. నీళ్లు గుమ్మం నుంచి కుండదాకా చుక్కలు చుక్కలుగా పడి ఉన్నాయి. ఎవరో పుణ్యాత్ములు పోసి ఉంటారనుకుని తాగాడు. "కొండ నీళ్లలాగున్నాయండి," అన్నాడు.

రెండోరోజు కట్టెలు విరిచిన వాక్యం వచ్చింది. అక్షరాల వరసల మధ్య బిగించే చెక్క బద్దీలు మూల పెట్టెలో ఉంటాయి. సాయంత్రానికి అన్నీ రెండేసి ముక్కలుగా విరిచి, కట్టగట్టి, గోడకు చేరవేసి ఉన్నాయి. మూడోరోజు చుట్ట. సన్యాసయ్య కాల్చడు, మాస్టారికి పొగ పడదు. అయినా పట్టపగలు ఆ గదిలో పొగాకు వాసన గుప్పుమంది. నిప్పు నోట్లో ఉన్నప్పుడు మాత్రమే వచ్చే ఆ తడిబూడిద వాసన మాస్టారికి బాగా తెలుసు. ఆయన చదవడం ఆపారు. మళ్లీ గొంతు సవరించుకుని మొదలుపెట్టారు. తరువాతి వాక్యం, సుకిరి నేల ఊడ్చింది. నేల శుభ్రంగా ఉంది. చీపురు మాత్రం బల్లకింద అడ్డంగా పడి ఉంది, ఊడ్చినవాళ్లకు దాన్ని మూలన పెట్టే ఓపిక లేనట్టు.

నాకు భయం వెయ్యలేదు. జాలేసింది. ఎనభై ఏళ్ల మనిషి, ఊపిరాడని మనిషి. ఒక్కో వాక్యానికీ ఆ కూత పెరుగుతోంది.

ఎనిమిదోరోజు జమ్మి వచ్చింది. కొండ దిగి, తవిటినాయుడు చెప్పిన ఊరికి దారి అడుగుతూ, రెండురోజులు నడిచి వచ్చింది. గుమ్మంలో నిలబడి మాస్టారి మొహంలోకి చూసింది.

"మా యమ్మని పనికి పిలస్తంది మీరా బాబూ?"

మాస్టారు చేతిలో కాగితాలు బల్లమీద పెట్టేశారు.

"పేరు దింపనేదు గదా, ఇంట్లోనే నా కాడే ఉండీది," అంది జమ్మి. "మాటాడీది. ఐదారు దినాలు సూసినాను, పొద్దెక్కగానే ఎవులో పిలిసినట్టు లేసి ఎలిపోతంది. సీకటి పడ్డాక వొస్తంది. మాట నేదు. ఒకటే ఆయాసం. ఏటి సేయిస్తన్నారు మా యమ్మ సేత?"

సన్యాసయ్య కుండవైపు చూశాడు, విరిగిన బద్దీలవైపు చూశాడు. మాస్టారు జమ్మి కాళ్ల దగ్గర నేలమీద కూర్చుండిపోయారు. ఇంక చదవనన్నారు. ఆ వాక్యాలన్నీ తీయించేస్తానన్నారు.

"తీసెస్తే పుస్తకంలో మా నోరు ఉంటాదా?"

ఆయన అబద్ధం చెప్పలేకపోయారు. "సగం ఉండదు," అన్నారు.

"ఉంచితే ఎంతమంది సదూతారు?"

"ఎంతమందైనా చదవచ్చు. మనం పోయాక కూడా చదువుతారు. వందేళ్ల తర్వాత కూడా."

వందేళ్లపాటు తల్లి నీళ్లు మోయడం జమ్మికి కనిపించి ఉంటుంది. ఇంకోవైపు ఖాళీ ఇల్లు కూడా కనిపించి ఉంటుంది. మాట అన్నదే వినిపించని ఇల్లు. ఆ రెంటి మధ్య ఆమె పడిన బాధ నేను ఏ జబ్బలోనూ చూడలేదు. చివరికి చెయ్యి చాచింది.

"ఆ గింజలేసే పుల్ల ఇలాగివ్వండి."

ఇంగ్లీషు అక్షరాల్లో రాసిన సుకిరి పేరులో గొంతు పలికేవి నాలుగు. ముప్ఫై ఎనిమిది వాక్యాలు, వంద కాపీలు. సన్యాసయ్య తాను ఒత్తుతానంటే ఒప్పుకోలేదు, కూతురే చెయ్యాలంది. ఆమెకు చదవడం రాదు. ఆ పేరు ఆకారం మాత్రం గుర్తుపట్టడం నేర్చుకుంది. అచ్చు పూర్తయ్యాక పదిహేను రోజులు, పగలంతా, అచ్చాఫీసు నేలమీద కూర్చుని ఒత్తింది. ఒత్తిన ప్రతి పేరు దగ్గరా వంగి ఉత్త ఊపిరితో ఆ పేరు అనేది. అన్ని వేలసార్లు తల్లిని పంపేసింది. నేను ఆమె వేళ్ల మధ్య ఉన్నాను. ఆ వేళ్లు నాకు బాగా తెలుసు.

ఒక్కదాని దగ్గర మాత్రం చివర్లో ఆగింది. వందో కాపీలో చివరి వాక్యం. అది సన్యాసయ్య ముందుకు జరిపాడు.

"ఇందులో ఏటుంది బాబూ?"

మాస్టారు చూశారు. "సుకిరి ఇంటికి వెళ్లింది."

"ఇదొక్కటీ పైకి సదవండి. గొంతెట్టి సదవండి."

ఆయన లేచి నిలబడి చదివారు. పిల్లికూత గుమ్మంలోంచి లోపలికొచ్చింది. బల్ల పక్కగా వచ్చి జమ్మి దగ్గర ఆగింది. జమ్మి తల ఎత్తలేదు. వాళ్ల నోటితో ఏదో రెండు మాటలంది. మాస్టారు ఆ మాటలు మాత్రం రాసుకోలేదు. అప్పుడామె నన్ను నాలుగుసార్లు ఒత్తి, పేరు దింపింది. నాలో అన్నాళ్లూ ఆగి ఉన్న ఆమె ఆఖరి ఊపిరి, ఆ చలువ, బయటికి పోయింది. కూత వీధిలోకి వెళ్లి, సన్నబడి, ఇంక వినిపించలేదు. జమ్మి అప్పుడు ఏడ్చింది.

వెళ్లేముందు మాస్టారిని అడిగింది. "నా పేరు ఆరుకాడ్ల ఉందన్నారు. నాను పోతే ఎవులు దింపుతారు?"

"నేనున్నాను కదమ్మా. నేను దింపుతాను. ఈ సూది నా దగ్గరే ఉంచుతాను."

మనస్ఫూర్తిగానే అన్నారు. కానీ ఎనిమిదేళ్లకే గుండె ఆగి ఆయనే ముందు పోయారు. ఆయన బల్ల సొరుగులోంచి నన్నూ, ఆ వందో కాపీనీ తెచ్చి ఈ గాజు అల్మారాలో పెట్టారు. జమ్మి ఇంకో ఇరవై ఏళ్లు బతికింది. ఆ ఇరవై ఏళ్లూ ఆమె ఎవరితో మాట్లాడిందో నాకు తెలీదు. ఎవరో పరిశోధకుడు కొండెక్కి వచ్చి, ఆ భాష మాట్లాడే చివరి మనిషి పోయిందని వ్యాసం రాశాడు. శాఖలో సభ పెట్టి రెండు నిమిషాలు మౌనం పాటించారు. అంత మౌనం పాటించారు గానీ, ఒక్కరూ ఊపిరితో ఒక పేరు అనలేదు.

ఇప్పుడు ఏటా విద్యార్థులు వస్తారు. పుస్తకం తీసి, గొంతు మీద వేళ్లు పెట్టుకుని, సున్నా ఉంటే గొంతు అదరకూడదని, లేకపోతే అదరాలని సాధన చేస్తారు. సుకిరి పేరు ఊపిరితోనే అంటారు, నా సున్నాలున్నాయి గదా. తరువాత ఆ వాక్యానికి వస్తారు. దాని కింద సున్నాలు లేవు. కనక నిండు గొంతుతో చదువుతారు. జమ్మి తలుపు తీసింది.

నా ముందున్న గాజు తలుపు తెరుచుకుంటుంది.

అటెండరు మూడుసార్లు గొళ్లెం మార్పించాడు. గాలి అంటాడు. ఆ గదికి కిటికీ లేదు. తలుపు తెరుచుకున్న ప్రతిసారీ నా వెదురు పిడి మీద వేళ్లు పడతాయి, కొంచెంసేపు ఉంటాయి, వెళ్లిపోతాయి. ఆ వేళ్లు నాకు తెలుసని చెప్పాను కదా. ఆమె నన్ను ఎత్తదు. తన పేరు తానే దింపుకోవడం వాళ్ల నోట్లో లేదు. ఎవరైనా బతికున్నవాళ్లు చెయ్యాలి. అందుకే తలుపు తీసి ఎదురుచూస్తుంది.

మీరింతసేపూ దీన్ని మనసులో చదువుకున్నారో, ఇంట్లో వాళ్లకు పైకి చదివి వినిపించారో నాకు తెలీదు. మనసులోనైతే ఫరవాలేదు. పైకి చదివి ఉంటే మాత్రం జమ్మి పేరు ఇప్పటికి చాలాసార్లు పిలిచారు, తలుపు తీయమని కూడా చెప్పారు. ఒకసారి లేచి మీ తలుపు చూసుకోండి. వేసి ఉంచిన తలుపు తెరిచి ఉంటే భయపడకండి. ఆమె ఎవరినీ ఏమీ అనదు. గొంతు మీద వేలు పెట్టుకుని, అది అదరకుండా చూసుకుని, ఒక్కసారి ఆ పేరు ఊపిరితో అనండి. చాలా అలిసిపోయి ఉంది.